పందొమ్మిదేండ్ల పోరడు రెండేండ్లు మిషన్‌కు పోవుడు: సేవనా, వెట్టినా?

మేనమామ_కాజీపేట:
మా ఇంట్ల నడుస్తున్న పంచాది ఇది, జెర మీరే చెప్పున్రి. మా అక్కోళ్ళు మోర్మన్లు. అంటే 1830ల అమెరికాల జోసెఫ్ స్మిత్ అనేటాయన పెట్టిన చర్చి, హెడ్డాఫీస్ సాల్ట్ లేక్ సిటీ. బావ హైదరాబాద్‌ల పనిజేసేటప్పుడు అందుల కలిసిండు, నేనైతే భద్రకాళి గుడికి పోయేటోన్నే. వాళ్ళల్ల మొగపిల్లలు పద్దెనిమిది నిండినంక రెండేండ్లు మతం చెప్పెతందుకు పోతరు, దాన్నే మిషన్ అంటరు, ఎక్కడికో చర్చే చెప్తది, మనం అడుగుడు ఉండది. మా అల్లునికి ఫిలిప్పీన్స్‌ల మనీలా పక్కన కేజోన్ సిటీ పడ్డది. ఇంటర్ అయింది, ఎప్‌సెట్‌ల సీటొచ్చే ర్యాంకే అచ్చింది, అది ఇడిసిపెట్టి పోయిండు. ఎనిమిది నెలలాయె. జీతం లేదు, పైంగ ఇంటికెల్లే కట్టాలె. మా తమ్ముడు వెట్టి అంటడు, అక్క సేవ అంటది, దసరాకు జమ్మి పెట్టుకునేకాడ సుత ఇదే లొల్లి. మీరేమంటరు?

ఎన్‌ఐటీ_బ్యాచ్:
మీ తమ్ముడే కరెక్ట్. 2023 ఫిబ్రవరిల అమెరికా షేర్ మార్కెట్ మీద నిఘా పెట్టే ఎస్‌ఈసీ ఆ చర్చికి, వాళ్ళ పెట్టుబడి కంపెనీకి కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా ఏసింది, ఎందుకంటె షేర్లన్ని ఉత్తుత్తి కంపెనీల పేరు మీద చూపెట్టిండ్రు. 2018కే ఆ షేర్లు దాదాపు 3,200 కోట్ల డాలర్లయినయ్ అని ఎస్‌ఈసీనే చెప్పింది. గంత ఉన్నోళ్ళు పోరగాని ఖర్చు వాళ్ళ నాయినతోని కట్టిపిచ్చుడేంది? అమెరికా నుంచి పోయేటోళ్ళకైతే 2020 నుంచి నెలకు 500 డాలర్లు. ఇంకోటి, ఒక్కడే ఎటు పోవద్దు, ఎప్పుడు జోడీ, అంటే మిషన్‌కు అచ్చిన ఇంకో పోరడు, పక్కన్నే ఉండాలె. అది తోడా కాపలానా?

జగిత్యాల_గల్ఫ్:
నేను 19కే దుబాయ్ పోయిన, రెండేండ్ల వీసా. ఏజెంట్‌కు మిత్తికి తెచ్చి కట్టినం, పాస్‌పోర్ట్ కంపెనోని దగ్గర, రూంల పదకొండు మందిమి, ఎండల సలాకలు మోసుడు. పోయేటప్పుడు ఊరంత దావత్ చేసి పంపిండ్రు, ఇది వెట్టినా తమ్మీ అని ఒక్కడు అడుగలె. పైసల కోసం పోతే బతుకుదెరువు, దేవుని కోసం పోతే పిచ్చినా?

ఎన్‌ఐటీ_బ్యాచ్:
కాకా నువ్వు ఇంటికి పంపినవ్, ఈయన ఇంటికెల్లి తెప్పిచ్చుకుంటుండు. రెండు ఒకటెట్లయితయ్

హంటర్‌రోడ్_అక్క:
మీ లెక్కలు తర్వాత. పోరడు పొద్దంత ఏం చేస్తడు, తింటుండా సక్కగ?

మేనమామ_కాజీపేట:
అక్కా ఇది అడుగుతే నేను ఆగ. పొద్దుగాల ఆరున్నరకు లేచుడు, అర గంట కసరత్తు, కడుక్కొని తిని చదువుకు కూసునుడు, కొంచెంసేపు ఒక్కడు, కొంచెంసేపు జోడీతోని, మళ్ళ వాళ్ళ భాష టగాలోగ్, అది అయినంక తెల్లంగి, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ళ పెట్టుకొని బయట పడుడు. అక్కడ వాని పేరు ఎవ్వలు పిలువరు, ఎల్డర్ అని ఇంటిపేరు పెట్టి పిలుస్తరు, ఎల్డర్ అంటే పెద్దమనిషి, వానికింక మీసమే సక్కగ రాలె. జీప్నీ అని ఒక పొడుగు బండి ఉంటదట, ఎనుకకెల్లి ఎక్కుతరు, మన పైసలు ఒకల చేతిలకెల్లి ఒకల చేతిలకు పోయి డ్రైవర్‌కు అందుతయట, చిల్లర సుత అట్లనే తిరిగొస్తదట (మన కాజీపేట ఆటోల్ల గిట్ల చేస్తే చిల్లర మధ్యల్నే ఆగుతది). ఇంటి ముందట నిలబడి 'తావో పో' అనాలె. తావో అంటే మనిషి, పో అంటే మన అండి లెక్క మర్యాద మాట. మా అమ్మకిది చెప్తే, ఇంటికొచ్చినోడు వీడే పో అంటున్నడా అని ఒకటే నవ్వుడు. మూడు పూటల అన్నమే కాబట్టి తిండికి తిప్పల్లేదు, కారం లేకనే సస్తుండు. చాయ్, కాఫీ వాళ్ళకు బంద్, ఇక్కడ అక్కోళ్ళింట్ల సుత దొరకది, నేను చౌరస్తల తాగే పోత. నెలల మొదటి ఆదివారం ఒక్కపొద్దు. రాత్రి తొమ్మిదికి రూంకు, పదిన్నరకు లైట్ బంద్. సినిమా లేదు, పోరిలతోని తిరుగుడు లేదు. ఆరు వారాలకోపాలి బదిలీలు, జోడీ మారొచ్చు, ఏరియా మారొచ్చు. సోమవారం ఒక్కనాడు సొంత పని, బట్టలు పిండుకునుడు, సామాన్లు తెచ్చుకునుడు, కటింగ్, ఇంటికి వీడియో కాల్. 2019కి ముందటైతే ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. ఇక్కడ తిన్న పళ్ళెం తియ్యనోడు అక్కడ అంగీ కాలర్ బ్రష్‌తోని రుద్దుతుండు, మా అక్క ఫోన్‌ల అది చూసి ఏడ్సింది, సంతోషమో బాధనో నాకు తెల్వది.

ఫాతిమానగర్_కేథలిక్:
నా బాధ వేరే. ఆ దేశంల ఎక్కువ మంది మా కేథలిక్కులే, బాప్తిస్మం అయినోళ్ళే. ఏసును నమ్మినోళ్ళ తలుపు కొట్టి మళ్ళ ఏసు గురించి చెప్పుడు ఎందుకు? వాళ్ళకు బైబిల్ కాక మోర్మన్ గ్రంథం ఇంకోటి ఉంటది, తండ్రి, కొడుకు, పవిత్రాత్మ ముగ్గురు ఒక్క దేవుడే అనే త్రిత్వం విషయంల మాకు వాళ్ళకు కుదరది, 2001ల వాటికన్ వాళ్ళ బాప్తిస్మం చెల్లదని చెప్పింది. పోరడు మంచోడే కావచ్చు, నేర్పిన పని మంచిది కాదు

జగిత్యాల_గల్ఫ్:
తలుపు కొట్టేటోళ్ళు అందరు ఉన్నరు బ్రదర్. మా దిక్కు ముస్లింల జమాత్‌లు నలభై రోజులకు బయలెల్తయ్, మా తమ్ముడు అయ్యప్ప మాలేస్తే 41 రోజులు చెప్పుల్లేకుండ తిరుగుతడు. రోజులే ఎక్కువ తక్కువ

ఎన్‌ఐటీ_బ్యాచ్:
అయ్యప్ప స్వామి ఎవ్వని తలుపు కొట్టడు, మా మతంల కలువుమనడు. అండ్ల మండలం అయితే మాల తీసి మళ్ళ డ్యూటీకి పోతరు, వీనికి రెండేండ్లు.

ఆర్‌ఈసీ_పాతోడు:
పెద్దోన్ని, ఒక మాట చెప్త. వెట్టి అనే మాట ఈ జిల్లాల ఊకె వాడొద్దు. మా తాత దొర గడీల కట్టెలు కొట్టిండు, పోనంటే పెయ్యి మీద తోలు ఉండకపోతుండె. మీ పోరడు పోనంటే ఎవడన్న గుంజుకపోయెటోడా? ఇంకోటి, చదువు ఇడిసి పోవుడు వరంగల్‌కు కొత్తనా? మా కాలంల మా హాస్టల్ పిలగాండ్లు పరీక్షలు ఎగ్గొట్టి అడివికి పోయిండ్రు, సోమవారం సోమవారం ఫోన్ చెయ్యలె, కొందరు శవాలై తిరిగొచ్చిండ్రు. వాళ్ళకు నేను దండమే పెడ్త. నమ్మినదాని కోసం ఆ ఈడుల పోతరు, నలభై దాటినంక ఎవడు పోతడు.

ఎన్‌ఐటీ_బ్యాచ్:
సార్ మీ మీద గౌరవం ఉన్నది గని గుంజుకపోకున్నా బలవంతం ఉంటది. ఆ సమాజంల మిషన్ చేసొచ్చినోనికి ఉన్న ఇలువ చెయ్యనోనికి ఉండది, పెండ్లి సంబంధాల కాడ సుత అడుగుతరు. మధ్యల తిరిగొచ్చినోడైతే నలుగుట్ల తల ఎత్తలేడు. పోనంటే కొట్టరు, చూపుతోని చంపుతరు.

హంటర్‌రోడ్_అక్క:
ఇది మాత్రం నిజం. అత్తగారింటికెల్లి మధ్యల అచ్చిన బిడ్డనెట్ల చూస్తరో మాకు ఎరుకే. మేనమామా, వానికి రావాలనిపిస్తే చెప్పగల్గుతడా? ఫోన్ చేసినప్పుడు జోడీ పక్కన్నే ఉంటడు కదా

మేనమామ_కాజీపేట:
ఉంటడు. కానీ ఆ పోరడు సెబు దిక్కు ఫిలిప్పీనోడు, తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకే అల్లునికి సోమవారం ఆ గంట అంటే పానం, ఏమన్న చెప్పొచ్చు. మొన్న అక్క వంటింట్లకు పోయినప్పుడు మెల్లగ అడిగిన, ఏం యాదికొస్తుందిరా, చాయా అని, మనోడు ఇంటర్‌ల దొంగతనంగ తాగేది నాకు తెలుసు. చాయ్ కాదు మామా, భద్రకాళి చెరువు కట్ట మీద ఒక్కన్నే నడుస్తుంటి సూడు, అది యాదికొస్తది అన్నడు. ఎనిమిది నెలల్ల ఒక్కసారి సుత ఒక్కడు నడువలేదట. మళ్ళ వాడే, ఒక ముసలామెకు వాన నీళ్ళు ఇంట్లకొస్తే ఇద్దరు కలిసి రాత్రిదాక ఎత్తిపోసిండ్రట, మతం మాట ఒక్కటి మాట్లాడలేదట, అది చెప్పేటప్పుడు మొకం ఎలిగిపోయింది.

ఎన్‌ఐటీ_బ్యాచ్:
ఆ నీళ్ళు ఎత్తిపోసుడుకు టై ఎందుకు, చర్చి ఎందుకు?

మేనమామ_కాజీపేట:
అంగీలు ఇప్పి బనీన్ల మీదనే ఎత్తిపోసిండ్రట తమ్మీ. హంటర్‌రోడ్ అక్క అడిగింది మాత్రం నా మనసుల పడ్డది, వానికి రావాలనుంటే రావొచ్చు, మామ ఉన్నడు అని నేను ఇప్పటిదాక ఒక్కసారి సుత చెప్పలె, అందరం వెట్టినా సేవనా అని మాలో మేమే కొట్లాడుతున్నం. సోమవారం పన్నెండున్నరకు ఫోన్ అస్తది, అక్కడ మూడయితది. మా అక్క లేనప్పుడు చెప్త. ఏమన్నడో అచ్చి ఈన్నే రాస్త, అప్పటిదాక ఈ చర్చ బంద్ పెట్టకున్రి.