ఇంటి ముందు ఏ మేపుల్: షుగరా, రెడ్డా?

విరజాజి: న్యూజెర్సీలో ఇల్లు. రోడ్డుకీ నడకబాటకీ మధ్య 5 అడుగుల పచ్చిక పట్టీ ఉంది. అందులో షుగర్ మేపుల్ చెట్టు వేయాలా, రెడ్ మేపులా?

కొమ్మారెమ్మ: షుగరే వేయండి. వందేళ్ళకు పైగా బతికే చెట్టు. దాని మానులోంచి తీసే రసంలో చక్కెర దాదాపు 2 శాతం, 40 లీటర్ల రసం కాచితే ఒక లీటరు పాకం దిగుతుంది. రెడ్‌లో చక్కెర తక్కువ. పైగా మొగ్గ ముందే విచ్చి రసం రుచి చెడుతుంది.

గడ్డపార: ఆవిడ అడిగింది రోడ్డు పక్క స్థలం గురించండీ. మంచు కరగడానికి చల్లే ఉప్పు షుగర్‌కి అస్సలు పడదు. ముందు ఆకుల అంచులు మాడతాయి, తర్వాత చిటారు కొమ్మలు ఎండుతాయి. నేల గట్టిపడినా వేళ్ళకి గాలాడదు.

సీతాకోక: దగ్గర్లో గుర్రాలుంటే రెడ్ వద్దు. వాడిన ఆకు వాటికి విషం.

కొమ్మారెమ్మ: రెడ్ మాత్రం ఉప్పుకి నిలుస్తుందా? అదీ అంతంతమాత్రమే. కాంక్రీటు పక్కన నేలలో క్షారం పెరిగితే మాంగనీసు అందక, ఈనెలు పచ్చగా ఉండి మిగతా ఆకంతా పసుపు తిరుగుతుంది. ఇది మీరెప్పుడూ చెప్పరు.

గడ్డపార: చెప్పనిస్తే కదా! ఏ చెట్టు మాటొచ్చినా పాకం దగ్గరికే లాక్కెళ్తారు. రసం తీయాలంటే మాను కనీసం 10 అంగుళాల లావుండాలి. దానికి దశాబ్దాలు పడుతుంది.

తొలకరి: ఏది కొన్నా ఆకు చూసి కొనండి. రెడ్‌కి అంచంతా రంపపు పళ్ళు. షుగర్‌కి అంచు నున్నగా, చీలికల మధ్య ఒంపు గుండ్రంగా ఉంటుంది. తొడిమ తుంచితే పాలు కారాయా, అది నార్వే మేపుల్. మసాచుసెట్స్‌లో దాని అమ్మకమే నిషేధం.

కొమ్మారెమ్మ: నా బాధ పాకం కాదండీ. ఉప్పు, ఉప్పు అని ప్రతి వీధిలోనూ షుగర్‌ని మానేస్తే ఇక అది ఊళ్ళో మిగిలేదెక్కడ?

గడ్డపార: నా గొడవ చెట్టుతో కాదు, ఆ 5 అడుగులతో. 60 అడుగులు ఎదిగేవి, రెండూ అక్కడ వద్దు. వేళ్ళు పైపైనే పాకి నడకబాట పలకల్ని లేపేస్తాయి. పైగా చాలా ఊళ్ళలో ఆ పట్టీలో నాటడానికి మున్సిపాలిటీ అనుమతి కావాలి.

కొమ్మారెమ్మ: ఈ మాట మొదటే అనాల్సింది. పెరట్లో అయితే షుగరే.

విరజాజి: పెరడుంది, వెనక 40 అడుగులు. వానకి నీళ్ళు నిలుస్తాయి.

గడ్డపార: అయితే రెడ్డే. గుంత మొక్కతో వచ్చే వేళ్ళూ మట్టీ కలిసిన ముద్దకి రెండు మూడింతల వెడల్పు, లోతు మాత్రం ముద్దంతే. మాను వేళ్ళుగా విచ్చుకునే చోటు నేల పైన కనబడాలి. మానుని చుట్టేస్తున్న వేళ్ళుంటే ముందే కోసేయండి.

కొమ్మారెమ్మ: తొందరపడకండి. అడుగు లోతు గుంత తవ్వి, నీళ్ళు నింపి చూడండి. మర్నాటికి ఇంకకపోతేనే రెడ్.