టెక్నికల్ రైటర్‌ని తెలుగులో ఏమనాలి?

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట గురించి అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను విశాఖ రుషికొండలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెక్నికల్ రైటర్‌ని. అంతకు ముందు ఆరేళ్లు పంపులకి, వాల్వులకి మాన్యువల్స్, అంటే ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు, రాశాను. మొన్న మా బాబు స్కూలు ఫారంలో తల్లి వృత్తి అన్నచోట ‘సాంకేతిక రచయిత్రి’ అని రాశాను. క్లాస్ టీచర్ ఎంతో ఆదరంగా “మీ కథలు ఏ పత్రికలో వస్తాయండీ?” అని అడిగారు. ఆవిడ తప్పేమీ లేదు. రచయిత అనగానే మనకి కథ, నవల, పాట గుర్తొస్తాయి. మా అమ్మయితే “కాయితాలు రాసే ఉద్యోగం” అంటుంది. దీనికి సరైన తెలుగు మాట ఏదంటారు?

గాజువాక నుంచి ఒక సభ్యుడు: లేఖరి బాగుంటుందండీ. రిజిస్ట్రేషన్ ఆఫీసుల దగ్గర దస్తావేజు లేఖరులు ఉన్నారు కదా. చిన్న మాట, పలకడం తేలిక, ఆడామగా తేడా కూడా లేదు.

సీతమ్మధార నుంచి ఒక సభ్యురాలు: రాయసం అనే పాత మాట ఉంది. విజయనగర రాజుల కాలంలో ఉత్తరాలు, ఆజ్ఞలు రాసే ఉద్యోగిని అలా పిలిచేవారు. ఇప్పుడు అది ఇంటిపేరుగానే మిగిలింది. తిరిగి వాడుకోవచ్చేమో.

నా జవాబు: రెండూ మంచి మాటలే. కానీ లేఖరి అయినా, రాయసం అయినా ఇంకొకరు చెప్పింది పద్ధతిగా రాసిపెట్టేవారు. నా పనిలో రాయడం చివరన వస్తుంది. ముందు ఇంజనీరు దగ్గర కూర్చుని, ఆయనకి మరీ మామూలు విషయమై చెప్పకుండా వదిలేసింది ఏమిటో పట్టుకోవాలి. ఆ మెషీన్ ముందు నిలబడేవాడికి ఏది ముందు తెలియాలో ఆలోచించాలి. ఆ వరుస కుదిరాకే రాత.

అందుకే నా మనసు ‘రచయిత’ వైపే మొగ్గుతోంది. రచన అంటే అసలు అర్థం కూర్పు, అమర్చడం. వ్యూహ రచన అంటున్నామంటే ఎవరూ కథ రాశారని కాదు కదా. మాటలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది.

ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన: అమ్మా, పేరు సంగతి తర్వాత. మా దగ్గర వెల్డర్ అంటే సరిపోదు. ఏ టెస్ట్ పాసయ్యాడు అని అడుగుతాం. సిక్స్ జీ అంటే, పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, చుట్టూ తానే తిరిగి వెల్డింగ్ చేసి చూపించాలి. ఆ ముక్క చెబితే చాలు, మనిషి పనితనం తెలిసిపోతుంది. మీ పనికి అలాంటి కొలత ఏమైనా ఉందా?

నా జవాబు: మీరు అడిగింది అసలు ప్రశ్న, బాబాయిగారూ. ఒకే పని చేస్తూ నేను టెక్నికల్ రైటర్, ఇన్ఫర్మేషన్ డెవలపర్, కంటెంట్ డెవలపర్ అని మూడు పేర్లు మోశాను. పేరు మారిన ప్రతిసారీ కొత్త కార్డు ఇచ్చారు. నాకేం వచ్చో మాత్రం ఎవరూ పరీక్షించలేదు. ఇంటర్వ్యూల్లో గ్రామర్ ఒక్కటే అడిగేవారు, అది చాలా బాధగా ఉండేది. అమెరికాలో ఈ వృత్తికి ఒక పెద్ద సంఘం ఉండేది. ఫౌండేషన్, ప్రాక్టీషనర్, ఎక్స్‌పర్ట్ అని మూడు మెట్ల సర్టిఫికెట్ ఇచ్చేది. ఆ సంఘమే 2025 జనవరిలో మూతపడింది.

రాతకి మాత్రం కొలతలు ఉన్నాయి. విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్‌ని సులువైన ఇంగ్లిష్‌లో రాయడానికి ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ప్రమాణం ఉంది. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరణ వాక్యం 25 దాటకూడదు. ఒక మాటకి ఒకటే అర్థం. ‘ఫాలో’ అంటే వెనక రావడమే, నియమాలు పాటించడం అనే అర్థంలో వాడకూడదు.

తెలుగుకి ఈ 20 లెక్క అలాగే పనికిరాదు. ‘మూసివేయబడకపోయినట్లయితే’ మనకి ఒక్క మాటే, చదివేవాడికి మాత్రం నాలుగు మాటల బరువు. అందులోనూ ఆ ‘బడు’ దగ్గరే నాకు గొడవ. “వాల్వు మూసివేయబడవలెను” అంటే ఎవరు మూయాలి? డ్యూటీలో ఉన్నవాడా, వాల్వు తనంతట తానేనా? “వాల్వు మూయండి” అంటే పని అయిపోతుంది.

మన భాషలో ఒక గొప్ప సౌకర్యం కూడా ఉంది. షరతు ముందు చెప్పి పని తర్వాత చెప్పమని ఆ ప్రమాణం రచయితలకి పనిగట్టుకుని నేర్పుతుంది. తెలుగులో అది నోట్లోంచే అలా వస్తుంది: “ప్రెజర్ సున్నాకి దిగాక వాల్వు తెరవండి.” ఇంగ్లిష్‌ని ముక్కముక్కగా అనువదించినప్పుడే “వాల్వు తెరవండి. తెరిచే ముందు ప్రెజర్ తగ్గించండి” అని తయారవుతుంది. మొదటి వాక్యం చదవగానే చెయ్యి వాల్వు మీదికి వెళ్లిపోతుంది. నా మొదటి మాన్యువల్ తెలుగు ప్రతిలో నేనే అలా రాశాను. ఒక ఫిట్టర్ గారు వేలు పెట్టి చూపించేదాకా నాకు తట్టలేదు. నాకు జరిగిన నిజమైన టెస్ట్ అదే అనుకుంటాను.

గాజువాక సభ్యుడు: అయితే సాంకేతిక రచయిత అనే ఉంచి, పక్కన ‘యంత్ర సూచనలు’ అనో ‘సాఫ్ట్‌వేర్ సహాయ పాఠాలు’ అనో రాస్తే? వెల్డర్ పక్కన సిక్స్ జీ లాగ.

నా జవాబు: అది బాగుందండీ. ఫారంలో “సాంకేతిక రచయిత్రి, సాఫ్ట్‌వేర్ సహాయ పాఠాలు” అని దిద్దుకుంటాను. అప్పుడు కథల గురించి ఎవరూ అడగరు.

ఇంకొక్క సాయం కావాలి. అమెరికా భద్రతా ప్రమాణం ఏఎన్‌ఎస్‌ఐ జెడ్535లో మూడు మాటలకి మెట్లు ఉన్నాయి. తప్పించుకోకపోతే ప్రాణం పోవడమో, తీవ్ర గాయమో ఖాయమైతే డేంజర్. అలా జరిగే అవకాశం ఉంటే వార్నింగ్. చిన్న గాయమో, ఓ మాదిరి గాయమో కావచ్చంటే కాషన్. పంపుల మాన్యువల్స్‌లో నేను వీటికి ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త అని వాడేదాన్ని. కానీ తెలుగు చదివే మనిషికి హెచ్చరిక కన్నా జాగ్రత్త తక్కువ మెట్టుగా వినిపిస్తుందా? షిప్‌యార్డులో, రిఫైనరీలో, పోర్టులో పనిచేసేవారు మీ వర్క్‌షాపుల్లో తెలుగు బోర్డుల మీద ఏ మాట ఎక్కడ రాసి ఉందో ఈ వారం ఒకసారి చూసి ఇక్కడ చెప్పండి.