పబ్లిక్ పాలసీ పీజీకి ముందు కోడింగ్: ఆర్ నేర్చుకోవాలా, పైథానా?

మరో నాలుగు నెలల్లో పబ్లిక్ పాలసీలో పీజీ మొదలుపెట్టబోతున్నాను. డిగ్రీలో చదివింది రాజనీతి శాస్త్రం. కోడింగ్ ఒక్క ముక్క రాదు. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వరకే నా ప్రతాపం.

మొదటి సెమిస్టర్‌లోనే రిగ్రెషన్ (అంశాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే గణాంక పద్ధతి) ఉంది. అభ్యాసాలు స్టేటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో చేయాలా, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చేయాలా అనేది అధ్యాపకులను బట్టి ఉంటుందని సీనియర్లు చెప్పారు. స్టేటాకు లైసెన్సు కొనాలి కాబట్టి ఇప్పుడే దాని జోలికి వెళ్లను. ఆర్, పైథాన్ భాషలు రెండూ ఉచితమే. సర్వే డేటాకు, గ్రాఫులకు ఆర్ హాయి అంటారు కొందరు. వెబ్‌సైట్ల నుంచి సమాచారం సేకరించాలన్నా, కుప్పలకొద్దీ పత్రాలను విశ్లేషించాలన్నా పైథానే అంటారు మరికొందరు. వారానికి ఆరేడు గంటలకు మించి కుదరదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టే ధైర్యం లేదు.

గత నెల పైథాన్ పాఠాలు మొదలుపెట్టి లూపుల (ఒకే పనిని పదేపదే చేయించే కోడ్) దగ్గర ఆగిపోయాను. అంకెను ఊహించే ఆట తయారు చేయమంటే, ఇదంతా నాకెందుకు అనిపించింది. నాకు కావలసింది చిందరవందరగా ఉన్న జనాభా లెక్కల ఫైలును శుభ్రం చేయడం, రెండు పట్టికలను కలపడం, ఖాళీగా ఉన్న గడులను ఏం చేయాలో తెలుసుకోవడం.

ఈ దారిలో నడిచినవారు చెప్పండి: ముందు దేన్ని పట్టుకోమంటారు? లేక కోడింగ్ పక్కనపెట్టి గణాంక శాస్త్రమే గట్టి చేసుకోవడం మేలా?