సమస్య: తోక ముందు, వెనుకఁ దోకచుక్క!

ఛందస్సు ఆటవెలది. వేకువన బైనాక్యులర్‌తో చూసిన తోకచుక్కే వస్తువు కావాలి.

మొదటి పూరణ

తూర్పు కొండ మీద తొలుత వెల్గుల పాయ
పొడిచెఁ, గొంత సేపు పోవఁ దలయు.
జంట కటకములను జరుపక చూడుఁడీ!
తోక ముందు, వెనుకఁ దోకచుక్క!

సమీక్ష: చాలా బాగుంది. వేకువన సూర్యుడు దిగంతం కింద ఉంటాడు, తోక అతనికి ఎదురుగా పైకి చూస్తుంది. అందుకే తలకంటే ముందు తోక ఉదయిస్తుంది. ‘జరుపక’ అన్న మాట యతి కోసం వచ్చినది కాదు. 10×50 బైనాక్యులర్ చేతిలో వణికితే పలచని తోక చెదిరిపోతుంది. మోచేతులు గోడకు ఆనించి చూసినవారే ఆ మాట వేయగలరు.

రెండవ పూరణ

సూర్యుఁ జుట్టి మరలి సుంతైన నిలువక
వెడలు వేళ, గాలి, వెలుఁగు తోయ
భానుఁడున్న దిక్కు భయపడి వీడెనో!
తోక ముందు, వెనుకఁ దోకచుక్క!

సమీక్ష: ఊహ గొప్పది. సూర్యుడి నుంచి వీచే సౌరపవనం అయాన్ల (విద్యుదావేశమున్న కణాల) తోకను, వెలుగు ధూళి తోకను తోస్తాయి కనుక తిరుగు ప్రయాణంలో తోకే ముందుంటుంది. 2020 జులై 3న సూర్యుడిని సమీపించి మళ్లిన నియోవైజ్ తోకచుక్క, ఆ తరువాతి వేకువల్లో మీ పద్యాన్నీ పై పద్యాన్నీ ఒకేసారి నిజం చేసింది. ‘భయపడి’ మాత్రం యతి కోసమే వచ్చింది. ‘బాసి పాఱెను గదా’ అంటే గణాలూ యతీ నిలుస్తాయి, కారణమూ చెడదు.

మూడవ పూరణ (రెండు పాదాలే కుదిరాయి)

కంటి మూలఁ జూడఁ గనిపించె నీలాల
గీత సన్నముగను పైకి సాగె

సమీక్ష: అమ్మా, ‘కంటి మూలఁ జూడ’ చదివి సంతోషించాను. మసక వస్తువును సూటిగా కాక పక్కచూపుతో పట్టాలి. కానీ ఆ చూపు కంటిలో మసక వెలుగును పట్టే దండ కణాలది, వాటికి రంగు తెలియదు. ‘నీలాల’ ఫొటోలో చూసిన రంగు కాదు కదా? రెండవ పాదంలో గీ–పై యతి చెల్లదు.

జవాబు: నిజమేనండీ, నీలం ఫొటోలోదే. ఆ వేకువ నాకు కనిపించింది బూడిద వెలుగు. సవరించి పూర్తి చేశాను.

కంటి మూలఁ జూడఁ గనిపించె లేలేత
గీత యొకటి పైకిఁ గెరలి సాగె
వేగుఁజుక్క చెంత వెలవెలబోయెడి
తోక ముందు, వెనుకఁ దోకచుక్క!