పాత లారీ విప్పే మనిషిది హరిత ఉద్యోగమా, కాదా?

ఆటోనగర్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు):
పర్యావరణానికి మేలు చేసే పనులు, అంటే హరిత ఉద్యోగాలు, లక్షల్లో వస్తాయని సభల్లో చెబుతున్నారు. రానివ్వండి, సంతోషమే. ఇప్పటికే ఉన్నవాటిని ఎవరైనా లెక్కపెట్టారా అన్నది నా ప్రశ్న. విజయవాడ ఆటోనగర్‌లో మాది పాత లారీలు విప్పే షెడ్డు. నాన్నగారు పెట్టారు, నేను నడుపుతున్నాను. బండి రాగానే డీజిల్, ఇంజిన్ ఆయిలు డబ్బాల్లోకి దించుతాం. బ్యాటరీ, వైరింగు, రేడియేటరు తీస్తాం. గేర్‌బాక్సు, ఇరుసులు బాగుంటే కడిగి అమ్మకానికి పెడతాం. మిగిలిన ఛాసిస్‌ను గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తే కరిగించడానికి పోతుంది. సీట్ల స్పాంజి, రెక్సిన్ తప్ప పారేసేది పెద్దగా ఉండదు. కొండ తవ్వకుండా ఇనుము పుట్టించే పని ఇది. సోలార్ పలకలు బిగించే కుర్రాడిది హరిత ఉద్యోగమైతే, మా దగ్గర కట్టర్ పట్టే మనిషిది ఎందుకు కాదు?

లెక్కల మాస్టారు, గుంటూరు:
మంచి చోట వేలు పెట్టారు. మన ఉపాధి లెక్కలు ప్రధానంగా జాతీయ గణాంక కార్యాలయం చేసే శ్రామికశక్తి సర్వే నుంచి వస్తాయి. అందులో ‘హరిత’ అనే గడి లేదు. మనిషి ఏ రంగంలో పనిచేస్తున్నాడో అడిగి జాతీయ పారిశ్రామిక వర్గీకరణ ప్రకారం ఒక కోడు వేస్తారు. హరిత ఉద్యోగాలెన్ని అని ఎవరు చెప్పినా, ఈ కోడుల్లో కొన్నింటిని తమకు తోచినట్టు ఏరి కూడినదే ఎక్కువ.

మీ షెడ్డు సంగతే చూడండి. ఆ వర్గీకరణకు మూలం ఐక్యరాజ్యసమితి తయారుచేసిన అంతర్జాతీయ వర్గీకరణ. దాని ప్రకారం పాత బండిని లోహం కోసం విప్పితే అది పదార్థాల పునరుద్ధరణ, అంటే చెత్త సేకరణతో పాటు 38వ విభాగం. పనికొచ్చే భాగాలు తీసి అమ్మడానికి విప్పితే అది వ్యాపారం. మీ మనిషి పొద్దున గేర్‌బాక్సు దించుతాడు, మధ్యాహ్నం ఛాసిస్ కోస్తాడు. మనిషి ఒకడే, బండి ఒకటే, రంగాలు రెండు. సర్వేలో మాత్రం అతని ప్రధాన పనికి ఒక్క కోడే పడుతుంది. గేర్‌బాక్సును కరిగించకుండా మళ్లీ వాడటమే పర్యావరణానికి ఎక్కువ మేలు. 38వ విభాగాన్ని మాత్రమే కూడే లెక్కలో జారిపోయేది ఆ మేలే.

బెంజిసర్కిల్:
ఈ లెక్కలన్నీ దండగ మాస్టారూ. అమెరికా వాళ్లు చేసి చూశారు. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ 2011కు 34 లక్షల హరిత ఉద్యోగాలని తేల్చింది. 2012లో చట్టసభ విచారణలో స్కూలు బస్సు డ్రైవరుదీ, పాత వస్తువుల దుకాణంలో గుమాస్తాదీ హరిత ఉద్యోగాలేనా అని అడిగితే అవునన్నారు. మరుసటి ఏడాదే బడ్జెట్ కోతలతో ఆ సర్వే ఆగిపోయింది.

లెక్కల మాస్టారు:
ఆగింది డబ్బు లేక, లెక్క తప్పని తేలి కాదు. పాత వస్తువుల దుకాణం వస్తువుకు రెండో ఆయుష్షు ఇస్తుంది, దాన్ని లెక్కలో చేర్చడం నా దృష్టిలో సబబే.

సింగ్‌నగర్ నుంచి:
మా అమ్మ కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా పేట మునిగింది. నీళ్లు తీశాక నానిన పరుపులు, కుళ్లిన బియ్యం బస్తాలు వీధి పొడవునా పడి ఉన్నాయి. రెండో రోజుకే అమ్మ చేతితొడుగులు చిరిగిపోయాయి, ఆ తర్వాత వట్టి చేతులతోనే ఎత్తింది. వారం రోజులు అన్నం చెంచాతో తిన్నది, వేళ్ల సందుల్లో పుళ్లు. ఈ పనిని ‘ఇన్ని లక్షల హరిత ఉద్యోగాలు’ అన్న ఫ్లెక్సీలో ఒక అంకెగా కలిపేస్తే నేను ఒప్పుకోను.

ఇబ్రహీంపట్నం:
మేం థర్మల్ కేంద్రం బూడిదతో ఇటుకలు పోస్తాం. పొలం మట్టి తవ్వం, బట్టీ కాల్చం. అయినా బూడిద బొగ్గుదే కదా. మేం ఏ లెక్కలోకి వస్తాం?

లెక్కల మాస్టారు:
ముందు సింగ్‌నగర్ అమ్మాయికి. అమ్మా, మీ కోపం న్యాయమైనది, దానికి గణాంకాల్లో చోటు కూడా ఉంది. 2013లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల 19వ సమావేశం దీనికి మార్గదర్శకాలిచ్చింది. మొదట పర్యావరణ రంగంలో పనిచేసేవారందరినీ లెక్కించాలి. వారిలో సరైన జీతం, భద్రత, హక్కులు ఉన్నవారివే హరిత ఉద్యోగాలు. మీ అమ్మగారు మొదటి లెక్కలో ఉంటారు, రెండోదానిలో ఉండరు. మొదటిదొక్కటే చెబితే ఫ్లెక్సీ అవుతుంది. రెండోదొక్కటే చెబితే ఊరు శుభ్రం చేసేవాళ్లే లెక్కలో మాయమవుతారు. రెండూ పక్కపక్కన అచ్చువేయాలి. మధ్య ఉన్న తేడాయే పాలకులను నిలదీసి అడగవలసిన సంఖ్య. చర్చలో నేను పట్టుబట్టేది ఇదొక్కటే.

ఇక బూడిద ఇటుకలు. ఆ మార్గదర్శకాలు తయారయ్యే వస్తువునే కాక పని తీరును కూడా చూస్తాయి. థర్మల్ కేంద్రంలో కరెంటు తయారుచేసేవారు రారు. పొగగొట్టంలోకి పోయే బూడిదను పట్టే యంత్రాల దగ్గరివారు వస్తారు. ఆ బూడిదను ఇటుకగా మలిచే మీరూ వస్తారనే నా అభిప్రాయం. కేంద్రం మూతపడిన రోజున మీ పని పోతుందన్నది నిజమే, ఆ భయాన్ని ఏ కోడూ చూపించదు.

ఆటోనగర్ మిత్రమా, మీకో ప్రశ్న. కట్టర్ పట్టే ఆ మనిషికి కళ్లద్దాలు, ఈఎస్ఐ ఉన్నాయా?

ఆటోనగర్ వాసి:
దాచను మాస్టారూ. కళ్లద్దాలు కొన్నాం, ఎండాకాలం చెమటకు మసకబారుతున్నాయని తీసేస్తారు, నేనూ గట్టిగా చెప్పలేదు. మావాళ్లు నలుగురే. పదిమంది లేరు కాబట్టి ఈఎస్ఐ కట్టమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. కాలు మీద ఇరుసు పడినప్పుడు ఒకరికి ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టాను, ఇంట్లో కూర్చున్న రెండు నెలలకు సగం జీతమే ఇచ్చాను. మీ రెండో లెక్కలో నా షెడ్డు ఉండదు, ఒప్పుకుంటున్నాను. మొదటిదానిలో మాత్రం మమ్మల్ని రాయండి, గేర్‌బాక్సు దించిన పూటను కూడా కలిపి.