టోబా సరస్సు ఒడ్డున బస ఎక్కడ: బలిగెలోనా, టుక్‌టుక్‌లోనా?

బనగానపల్లె బాటసారి:
ఇండోనేషియాలోని టోబా సరస్సు సుమారు 74 వేల ఏళ్ళ కిందటి అగ్నిపర్వత విస్ఫోటనంతో ఏర్పడింది. ఆనాటి బూడిద మా ప్రాంతంలోని జ్వాలాపురం తవ్వకాల్లోనూ బయటపడింది కనుక దాన్ని చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఉండేది రెండు రోజులే. అక్కడి బటాక్ ప్రజల జీవనం తెలియాలంటే సరస్సులోని సమోసిర్ ద్వీపంలో ఉన్న టుక్‌టుక్‌లో దిగాలా, దక్షిణపు ఒడ్డునున్న బలిగె పట్టణంలోనా?

మలక్కా గాలి:
బలిగెలోనే దిగండి. టుక్‌టుక్‌లో ఎక్కువగా కనిపించేవి హోటళ్ళే. అక్కడ దిగినవారు పక్కనే ఉన్న తోమోక్ ఊరికి వెళ్ళి చూసే సిగాలె-గాలె కొయ్యబొమ్మ, సంతానం లేకుండా పోయినవారి అంత్యక్రియల్లో పిల్లలకు బదులుగా ఆడించినది. క్రైస్తవం వ్యాపించాక ఆ క్రతువు సన్నగిల్లింది. దుఃఖంలోంచి పుట్టినదాన్ని డబ్బు తీసుకుని ఆడించడం, పర్యాటకుల భుజాల మీద ఉలోస్ వస్త్రం కప్పి వారిచేత కూడా నాట్యం చేయించడం నాకు మింగుడుపడవు. బలిగెలోనైతే ఊరివాళ్ళ కోసం నడిచే సంత ఉంది, డచ్చివారితో పోరాడి 1907లో మరణించిన బటాక్ రాజు పన్నెండవ సిసింగమంగరాజా సమాధి ఉంది, 2011లో తెరిచిన బటాక్ మ్యూజియం ఉంది.

నూలుపోగు:
అద్దాల వెనక నిలబెడితే గౌరవం, ఆరుబయట ఆడిస్తే అగౌరవమా? నమ్మకం మారిపోయాక ఆ బొమ్మను చెక్కేవారికీ గొండాంగ్ వాద్యాలు వాయించేవారికీ పని దొరుకుతున్నది ఈ ఆటవల్లనే. నా అభ్యంతరం సమోసిర్‌లోనే ఉన్న అంబరీత ఊరి రాతి కుర్చీల దగ్గర మొదలవుతుంది. ఊరిపెద్దలు కూర్చుని తగవులు తీర్చిన చోట గైడ్లు నేరస్థుడి తల నరకడాన్నే ప్రధాన ఘట్టంగా అభినయిస్తారు. ఒకే వంశంవారు పెళ్ళాడకూడదనే మార్గా కట్టుబాటును బటాక్‌లు నేటికీ పాటిస్తున్నారన్న సంగతి ఆ సందడిలో వినిపించదు.

మలక్కా గాలి:
పని దొరుకుతోందన్నది నిజమే, అంబరీత గురించి మీతో ఏకీభవిస్తాను కూడా. కానీ పూర్వం కొన్ని సిగాలె-గాలె బొమ్మల కళ్ళ వెనక తడి స్పాంజి పెట్టి కన్నీళ్ళు కార్పించేవారు. ఎవరి కోసం ఆ ఏడుపో చెప్పకుండా ఆడిస్తే చూసేవారికి అది వట్టి వినోదమే అవుతుంది.

నూలుపోగు:
అది చెప్పమని అడగాల్సింది చూడటానికి వెళ్ళినవారు. బాటసారిగారూ, మీరు టుక్‌టుక్‌లోనే దిగి, తోమోక్‌లో ఆట మొదలయ్యే ముందే ఆ బొమ్మను ఎవరి కోసం చేసేవారో అడగండి.