కాటాలో పడేది ఒకటి, చీటీలో రాసేది ఒకటి. విశ్వాసిగా ఏం చేయాలి?

మిర్చి గుమస్తా, గుంటూరు:
అందరికీ వందనాలు. ఇక్కడ ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తాని. కాటా మీద టిక్కీ, అంటే మిర్చి బస్తా, పెట్టగానే బరువు చూసి చీటీ రాయడం నా పని. గోతానికి తీసే తరుగు సంగతి కాదు నేను అడిగేది. ఈ సీజన్ నుంచి టిక్కీకి ఇంకో కిలో తగ్గించి రాయమన్నారు మా ఓనర్. 44 పడితే 43 రాయాలి. రైతు నిలబడే చోటికి కాటా అంకె కనిపించదు.

మొన్న ఒక పెద్దాయన 30 టిక్కీలు తెచ్చారు. చీటీ ఇస్తే, కళ్లజోడు తెచ్చుకోలేదు, నువ్వే చదవమన్నారు. నేను రాసిన అబద్ధాన్నే పైకి చదివాను. "నువ్వు చెప్పావుగా బాబూ, చాలు" అని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆదివారం చర్చికిచ్చే దశమభాగం (సంపాదనలో పదో వంతు) కవరులో డబ్బు పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. అందులో ఆయన మిర్చి కూడా ఉంది కదా! "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సండేస్కూల్లో కంఠతా పట్టినవాణ్ణే. మానేద్దామంటే జూన్‌లో పాప ఇంటర్ ఫీజు కట్టాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది.

పత్తి మిల్లు, ఆదోని:
బ్రదర్, నేను జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర 12 ఏళ్లు చేశాను. ముందు మీ చేత్తో రాయడం ఆపండి. ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది తర్వాత. ఓనర్‌తో ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి, బస్తాలు మోసే ముఠా కూలీల ముందు వద్దు. నన్నైతే లోడింగ్ పుస్తకానికి మార్చి జీతంలో 2000 తగ్గించారు. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఇంట్లో ఎవరికీ కొత్త బట్టలు తీయలేదు. అయినా గడిచింది.

ఒక సహోదరుడు, నెల్లూరు:
తొందరపడకండి. చెప్పింది ఆయన, పాపం ఆయనది. ప్రార్థన చేసుకుంటూ సీజన్ అయ్యేదాకా ఓపిక పట్టండి.

సిస్టర్, ఖమ్మం:
అన్నయ్యా, బైబిల్లో దానియేలు రాజు భోజనం వద్దనుకున్నప్పుడు గొడవ పడలేదు, పది రోజులు పరీక్షించి చూడమని బతిమాలాడు. మీరూ అలాగే పది రోజులు అడగండి. సరైన తూకం వేసే కొట్టుకి రైతు మళ్లీ వస్తాడని చెప్పండి. ఇంకోటి, పన్నులు వసూలు చేసే జక్కయ్య తప్పు ఒప్పుకుని ఊరుకోలేదు, తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

మిర్చి గుమస్తా, గుంటూరు:
నెల్లూరు అన్నా, చెప్పింది ఆయనే కానీ పెన్ను నా చేతిలో ఉంది. నిన్న కొట్టు మూసే వేళకి వెళ్లి పది రోజులు అడిగాను. ఓనర్ సరే అనలేదు, రావద్దనీ అనలేదు. ఈ రోజు కాటాలో పడిందే రాశాను. సిస్టర్, నాలుగింతలు నా వల్ల కాదు. ఆ రోజు ధర కిలో 140, 30 కిలోలకి 4200. పెద్దాయన ఊరు పాత చీటీలో దొరికింది. ఆదివారం ఆరాధన అవగానే బయల్దేరుతున్నాను. ఆయన ముందు ఏమని మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు, ప్రార్థన చేయండి.